చెరగని కనుబొమలు: పొడిపించుకునే ముందు

కనుబొమలు ఉన్నంతకాలం వాటిని ఎవరూ పట్టించుకోరు. కవులు వాటిని మన్మథుని వింటితో పోల్చి ఊరుకున్నారు. శరీరశాస్త్ర గ్రంథాలు, నుదుటి చెమటను కంటిలోకి దిగనీయకుండా పక్కకు మళ్ళించే వెంట్రుకల వరుసలని ఒక్క వాక్యంలో తేల్చివేశాయి. అవి రాలిపోయినప్పుడు గాని వాటి విలువ తెలిసిరాదు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన సాగిస్తున్న పవన్ సిన్హా, ఆయన సహచరులు 2003లో ఒక చిత్రమైన పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. ప్రసిద్ధ వ్యక్తుల ఛాయాచిత్రాలు తీసుకుని కొన్నింటిలో కళ్ళను, కొన్నింటిలో కనుబొమలను చెరిపివేసి, ఆ ముఖాలు ఎవరివో పోల్చుకోమని చూపరులను అడిగారు. కళ్ళు లేని ముఖాలకన్న కనుబొమలు లేని ముఖాలను గుర్తుపట్టడమే వారికి ఎక్కువ కష్టమైనది.

అందుచేత, కేన్సర్ చికిత్సలో కనుబొమలు పోగొట్టుకున్న స్త్రీ "అద్దంలో ఉన్నది నేను కాను" అని అంటే అది అతిశయోక్తి కాదు. పేనుకొరుకుడు వల్ల ఒక కనుబొమ నడుమ ఖాళీ ఏర్పడిన యువకుడు, ఏళ్ళ తరబడి దారంతో లాగించి లాగించి మొదళ్ళు చచ్చిపోయిన గృహిణి, ఆఫీసు బస్సు అందుకునే తొందరలో రోజూ రెండువైపులా పెన్సిలు గీతలు సరిచూసుకోలేక విసిగిన ఉద్యోగిని, వీరందరికీ నేడు చిన్న పట్టణాలలోని బ్యూటీపార్లర్ల బోర్డులు సైతం ఒక ఆశ చూపుతున్నాయి. పర్మనెంట్ మేకప్, మైక్రోబ్లేడింగ్, పౌడర్ బ్రౌ, ఇలా పేర్లు అనేకం. స్నానం చేసినా, చెమట పట్టినా, నిద్ర లేచినా చెదరని కనుబొమలు లభిస్తాయన్నదే వాటన్నిటి సారాంశం.

ఆ ఆశలో నిజం లేకపోలేదు. నేర్పరి చేతిలో పడితే పోయిన ముఖం తిరిగి వచ్చినంత పని జరుగుతుంది. అయితే పేరు ఏదైనా, ధర ఎంతైనా, ఇది పచ్చబొట్టే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, ముందుగా విచారించవలసినవన్నీ దానంతట అవే ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

పచ్చబొట్టు తెలుగువారికి కొత్త కాదు. ఎరుకల స్త్రీలు గంపా బుట్టా పట్టుకుని ఊరూరా తిరిగి, సోది చెప్పి, అడిగినవారికి చేతిమీదా గడ్డంమీదా పచ్చబొట్లు పొడిచిపోయేవారు. దీపపు మసిని ఆకుపసరుతో నూరి సూదిమొనతో చర్మంలోకి దింపేవారు. చనిపోయినప్పుడు వెంట వచ్చే సొమ్ము అదొక్కటేనని ముసలమ్మలు చెప్పుకునేవారు. ఆ పనికి యంత్రం వచ్చింది 1891లో. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్ కలాన్ని ఆధారం చేసుకుని న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు సంపాదించాడు. నలభై ఏళ్ళు తిరిగేసరికి, 1930లలో, లండన్ నగరంలో జార్జ్ బర్చెట్ అనే పచ్చబొట్ల నిపుణుడు కనుబొమలకు శాశ్వతంగా నలుపు దిద్దుతున్నాడు. కనుక ఈ విద్య నిన్న మొన్నటి ఆవిష్కారమని అనుకోనక్కరలేదు. కొత్తది ఏదైనా ఉన్నదంటే అది పేరు, ప్రకటన.

నేటి పద్ధతులు ముఖ్యంగా రెండు. మైక్రోబ్లేడింగులో యంత్రం ఉండదు. కలం వంటి పిడికి సన్నని సూదుల వరుస బిగించి ఉంటుంది. దానితో చర్మంమీద వెంట్రుక మందాన గీతలు కోస్తూ వాటిలోకి రంగు ఎక్కిస్తారు. రెండవది యంత్రంతో చుక్కలు చుక్కలుగా పొడిచేది. పొడి అద్దినట్టు నీడలా కనిపించడంవల్ల దానికి పౌడర్ బ్రౌ అని పేరు. జిడ్డు చర్మం ఉన్నవారికి గీతలు కొద్ది నెలలలోనే అలుక్కుపోతాయి గనుక చుక్కల పద్ధతే నయమని అనుభవజ్ఞులు చెబుతారు. రెండింటిలోనూ పని పూర్తి కావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. నెలా రెండు నెలల తరువాత మరొకసారి వెళ్ళి సరిదిద్దించుకోవలసి ఉంటుంది.

చర్మంలో పైపొర బాహ్యచర్మం. అది ఇంచుమించు నెలరోజుల కొకసారి పొట్టు రాలి కొత్తదవుతూ ఉంటుంది. రంగు అక్కడే ఆగితే ఆ పొట్టుతోపాటు రాలిపోతుంది. దానికి దిగువనున్న అంతశ్చర్మపు పైభాగానికి చేరితే నిలుస్తుంది. ఇంకా లోతుకు దిగితే రంగు పాకి నీలంగా మారుతుంది, మచ్చ కూడా పడవచ్చు. ఈ మూడింటి మధ్య తేడా మిల్లీమీటరులో కొన్ని వంతులు మాత్రమే. కనురెప్పకు అంగుళం పైన ఆ కొలత తప్పకుండా గంటల తరబడి సూది నడపగల చెయ్యి రెండు మూడు రోజుల శిక్షణతో తయారవుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. అటువంటి శిక్షణ తరగతుల ప్రకటనలు మాత్రం ఊరూరా కనిపిస్తూనే ఉన్నాయి.

అంతశ్చర్మంలో చేరిన రంగు ఎందుకు నిలుస్తుందన్నది చాలాకాలం వరకు సరిగా తెలియలేదు. 2018లో ఫ్రాన్సులోని మార్సే నగర పరిశోధకులు ఎలుకలపై ప్రయోగాలు జరిపి ఒక ముఖ్యమైన అంశాన్ని వెల్లడించారు. శరీరంలోకి చొరబడిన పరాయి పదార్థాలను మింగే భక్షక కణాలు ఈ రంగు రేణువులను కూడా మింగుతాయి, కాని జీర్ణించుకోలేవు. ఆ కణం చనిపోయినప్పుడు రంగు బయటపడుతుంది. వెంటనే పక్కనున్న మరొక కణం దానిని మింగుతుంది. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుక్కు అప్పు సంక్రమించినట్టు రంగు చేతులు మారుతూ అక్కడే ఉండిపోతుంది. కొంత రంగు మాత్రం కాలక్రమాన వాలిపోతుంది. ఎండ దానిని వెలిసిపోయేటట్లు చేస్తుంది.

పార్లర్లవారు వాడే "సెమీ పర్మనెంట్" అనే మాటను ఇక్కడ పరిశీలించాలి. ఏడాదినుండి మూడేళ్ళలో దానంతట అదే పోతుందని దానికి అర్థం చెబుతారు. పోయేది తీరువు, తేటదనం. మరక చాలామందిలో ఏళ్ళ తరబడి మిగులుతుంది. అందులోనూ, రంగు వేసినప్పుడున్న రంగుగా మిగలదు. పచ్చబొట్టు అన్న మన మాటలోనే ఈ రహస్యం దాగి ఉన్నది. ఎరుకల అమ్మ నూరిన మసి నల్లనిది. చర్మం కిందికి పోయిన తరువాత అది నీలంగానో పచ్చగానో కనిపించింది గనుకనే మనవారు నల్లబొట్టు అనక పచ్చబొట్టు అన్నారు. వెలుతురులోని నీలి అంశను పైనున్న చర్మం ఎక్కువగా చెదరగొట్టి వెనక్కు పంపుతుంది, అదే కారణం. కర్బనపు మసితో చేసిన నేటి కనుబొమ రంగులూ అదే దారిన బూడిద నీలానికి తిరుగుతాయి. ఇనుము ఆక్సైడులతో చేసిన గోధుమ రంగులలో కొన్ని అంశలు ముందుగా వెలిసిపోయి ఎరుపు మిగలడం కద్దు. ఎర్రచందనపు ఛాయ గల కనుబొమలతో తిరిగి పార్లరుకు వచ్చేవారి కథ ఇదే. దానిమీద మళ్ళీ రంగు, దానిమీద మరొకటి, ఇలా పొరమీద పొర వేయించుకుంటూ పోతే చివరకు చర్మంమీద అతికించిన అట్టముక్కలా తయారవుతుంది.

ఇంతకూ, రంగు ఏది, పద్ధతి ఏది అని అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. వెంట్రుకలు ఎందుకు పోయాయి? ఈ ప్రశ్నకు జవాబు పార్లరులో దొరకదు. చర్మవైద్యుని దగ్గర దొరుకుతుంది.

కనుబొమ చివరి మూడోవంతు పలచబడడం థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు కనిపించే చిహ్నాలలో ఒకటి. దానితోపాటు అలసట, మలబద్ధం, చలికి తట్టుకోలేకపోవడం, కారణం లేకుండా బరువు పెరగడం ఉంటే సందేహించవలసిన పని లేదు, ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. రోజుకొక మాత్రతో గ్రంథి లోపం సరిపడితే పోయిన వెంట్రుకలు తిరిగి రావచ్చు కూడా. అప్పుడు వాటి కిందనున్న పచ్చబొట్టు ఒక అనవసరపు మరక.

దీనికన్న గంభీరమైన కారణం కుష్ఠు. ఆ పేరు వింటేనే ముఖం తిప్పుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు గనుక, దానిని గురించి స్పష్టంగా చెప్పడం అవసరం. 2005 చివరినాటికి దేశం మొత్తంమీద కుష్ఠు పదివేల మందిలో ఒకరికి లోపుగా తగ్గిందని ప్రభుత్వం ప్రకటించిన మాట నిజమే. కాని ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగులలో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. ఈ వ్యాధి ఒక రూపంలో ముఖచర్మం మందమై, చెవి తమ్మెలు ఉబ్బి, కనుబొమలు వెలుపలి కొసనుండి రాలడం మొదలవుతుంది. తొలిదశలో నొప్పి ఉండదు, దురద ఉండదు. ఇబ్బంది కనిపించేది అద్దంలోనే. ఆ దశలో వైద్యుని దగ్గరకు వెళ్ళిన మనిషికి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మందులతో ఏడాదిలో వ్యాధి నయమవుతుంది. నరాలు దెబ్బతినవు, వేళ్ళు వంకరపోవు. అదే మనిషి పార్లరుకు వెళ్ళి రంగు వేయించుకుంటే కనుబొమ కనిపిస్తుంది, వ్యాధి కనిపించదు. అందమైన రెండు గీతల వెనుక నరాలు నెమ్మదిగా పాడవుతూ ఉంటాయి. పని చేసే సౌందర్యనిపుణురాలికి దీనిని గుర్తించే శిక్షణ ఉండదు. అది ఆమె తప్పు కాదు. ముందు వెళ్ళవలసిన చోటికి తరువాత వెళ్ళడమే ఇక్కడి తప్పు.

పేనుకొరుకుడు మరొక విధమైనది. శరీరపు రక్షణ వ్యవస్థే వెంట్రుకల మొదళ్ళపై తిరగబడడం దీనికి మూలం. వెంట్రుకలు కొన్ని నెలలకు వాటంతట అవే తిరిగి మొలవడమూ ఉన్నది, ఏళ్ళ తరబడి రాకపోవడమూ ఉన్నది. కనుక తొందరపడక చికిత్సకు కొంత వ్యవధి ఇచ్చి చూడాలి. మనసులోని ఆందోళనవల్ల తెలియకుండానే కనుబొమలు పీక్కునే అలవాటు కొందరు పిల్లలలో, యువతులలో ఉంటుంది. వారికి కావలసింది సూది కాదు, ఓపికగా మాట్లాడే వైద్యుడు.

కేన్సర్ మందులవల్ల పోయిన కనుబొమలు సాధారణంగా చికిత్స ముగిసిన కొద్ది నెలలలో తిరిగి వస్తాయి. పలచగానో, వేరే తీరుగానో రావచ్చు. రాకముందే, చికిత్స నడుస్తుండగానే పొడిపించుకోవాలన్న తొందర అర్థం చేసుకోదగినది. కాని ఆ రోజులలో రక్తంలోని తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, చిన్న గాయం కూడా పెద్ద ఇన్‌ఫెక్షనుకు దారితీయగలదు. చికిత్స మొదలు కావడానికి కొన్ని వారాల ముందుగానైనా, రక్తపరీక్షలు కుదుటపడిన తరువాతనైనా, కేన్సర్ వైద్యుని అనుమతితోనే ఈ పని పెట్టుకోవాలి. ఆ మధ్యకాలానికి పెన్సిలు ఉండనే ఉన్నది.

కారణం తేలిన తరువాత కూడా ఈ పని అందరికీ తగినది కాదు. బొల్లి ఉన్నవారిలో చర్మానికి గాయమైన చోటనే కొత్త తెల్లమచ్చ పుట్టే గుణం ఉన్నది. సోరియాసిస్, లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధులదీ అదే తీరు. సూదిపోట్లు వేల సంఖ్యలో పడే ఈ ప్రక్రియ చర్మం దృష్టిలో గాయమే. తమకు గాని, దగ్గరి బంధువులకు గాని బొల్లి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించకుండా నుదుటిమీద సూది పెట్టనివ్వకూడదు. చెవులు కుట్టించుకున్న చోట గడ్డకట్టినట్టు ఉబ్బిన మచ్చ లేచినవారికి కీలాయిడ్ స్వభావం ఉన్నట్టు లెక్క, వారూ ఆలోచించాలి. అదుపులో లేని మధుమేహం, రక్తం పలచబరిచే మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, గర్భం, ఇవన్నీ ముందుగా చెప్పవలసిన సంగతులు. మన వంటి చామనఛాయ చర్మాలలో చిన్న మంట తగ్గిన తరువాత కూడా దాని చోట నల్లమచ్చ నిలిచిపోవడం సాధారణం. తెల్లచర్మంమీద తీసిన విదేశీ ఛాయాచిత్రాలను చూసి ముచ్చటపడేవారు దీనిని గమనించడం మంచిది.

రంగు సీసాలో ఏమున్నదన్నది మరొక ప్రశ్న. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ చర్మంలోకి ఎక్కించడానికని ఇంతవరకు ఏ రంగునూ ఆమోదించలేదు. 2003, 2004 సంవత్సరాలలో ఒకే సంస్థ తయారుచేసిన కొన్ని పర్మనెంట్ మేకప్ రంగులవల్ల వాపు, పగుళ్ళు, బొబ్బలు, గడ్డలు వచ్చాయని ఆ సంస్థకు 150కి పైగా ఫిర్యాదులు అందాయి. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుండి పచ్చబొట్ల రంగులలో, పర్మనెంట్ మేకప్ రంగులలో నాలుగువేలకు పైగా రసాయనాలను నిషేధించడమో, వాటి పాళ్ళకు హద్దు పెట్టడమో చేసింది. మన దేశంలో 2025లో కర్ణాటక ఆరోగ్యమంత్రి, తమ రాష్ట్రంలో పరీక్షించిన పచ్చబొట్టు రంగులలో 22 లోహాలు కనిపించాయని చెప్పి, నియంత్రణ అవసరమని ప్రకటించారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, సీసాపై తయారీదారు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ చదివి చూసే హక్కు డబ్బు చెల్లించేవారికి ఎప్పుడూ ఉన్నది. చెవి వెనుక కొద్దిగా రంగు పొడిచి పరీక్షించే ఆనవాయితీ మంచిదే. అయితే రంగులు పడకపోవడం కొందరిలో నెలలు, ఏళ్ళు గడిచాక బయటపడుతుంది కనుక, ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన పూర్తి హామీ లభించినట్టు కాదు.

రంగు మంచిదైనా నీళ్ళు చెడగొట్టవచ్చు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రోచెస్టర్ పట్టణంలో 2011-12 ప్రాంతంలో పచ్చబొట్లు పొడిపించుకున్న 19 మందికి మొండి పుండ్లు లేచాయి. పరిశోధిస్తే, రంగును పలచబరచడానికి తయారీదారు డిస్టిల్డ్ వాటర్ కలిపినట్టు తెలిసింది. డిస్టిల్డ్ వాటర్ శుద్ధమైనదే గాని సూక్ష్మజీవి రహితమని చెప్పడానికి లేదు. క్షయ కారక క్రిమికి దాయాది అయిన ఒక క్రిమి వారి చర్మంలో చేరింది. విదేశపు కర్మాగారంలోనే ఇలా జరిగితే, ఎండిపోయిన రంగులో కుళాయి నీళ్ళు నాలుగు చుక్కలు వేసి కలిపే చోట ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

సూది విషయంలో మొగమాటం పనికిరాదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. రక్తం అంటిన సూది ద్వారా సంక్రమిస్తాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల ఎండిన రక్తపు మరకలో వారంరోజులైనా బ్రతికి ఉండగలదు. స్పిరిట్ దూదితో తుడిచిన సూది శుభ్రమైనదని అనుకోవడం పొరపాటు. మైక్రోబ్లేడింగు పలక సీలుచేసిన పొట్లంలో రావాలి, దానిని కూర్చున్నవారి కళ్ళముందే చించాలి, పని అయ్యాక సూదుల డబ్బాలో పారవేయాలి. రంగు గిన్నె కూడా అంతే. ఒకరి రక్తం తాకిన సూదిని ముంచిన గిన్నెలోని రంగు మరొకరికి వాడరాదు. చాలామంది సూదిని చూస్తారు, గిన్నెను చూడరు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులకు ఆరునెలల వ్యవధి పడుతుంది. తొందర లేనివారు దానిని ముందుగా వేయించుకుంటే ఈ ఒక్క పనికే కాక జన్మకంతా ఉపయోగం. పొడిపించుకున్నవారు ఆ తరువాత ఏడాదిపాటు రక్తదానం చేయరాదని మన దేశపు 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కనుబొమలకు ఇందులో మినహాయింపు లేదు.

నొప్పి తెలియకుండా పూసే లేపనం గురించి రెండు మాటలు. అందులో ఉండేది సాధారణంగా లిడోకెయిన్. 2024 మార్చిలో అమెరికా నియంత్రణ సంస్థ, డాక్టరు చీటీ లేకుండా అమ్ముతున్న, 4 శాతానికి మించి లిడోకెయిన్ ఉన్న లేపనాలను వాడవద్దని హెచ్చరించింది. గాయపడిన చర్మంమీద, ఎక్కువ మోతాదులో, ఎక్కువ సేపు ఉంచితే అది రక్తంలో కలిసి గుండెలయను దెబ్బతీయవచ్చు, మూర్ఛ తెప్పించవచ్చు. కంట్లో పడితే కనుపాపకు హాని. పేరులేని డబ్బాలోనుంచి తీసి మందంగా పట్టించబోతే వద్దని చెప్పడమే మేలు.

ఇక ఆకారం. నేర్పరులైనవారు కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెడతారు. పడుకున్నప్పుడు నుదుటి చర్మం జారి కనుబొమల స్థానం మారుతుంది. పడుకోబెట్టి గీసిన గీత, లేచి నిలబడితే వంకర. పెన్సిలు గీతను అద్దంలో చూసుకుని, నవ్వి చూసి, ఆశ్చర్యపడినట్టు చూసి, ఇంటివారికి చూపించి, అప్పుడే సరేననాలి. అంతకన్న మంచి ఉపాయం ఒకటున్నది. పొడిపించుకోదలచిన ఆకారాన్నే ఒక నెలరోజులపాటు రోజూ పెన్సిలుతో దిద్దుకుని తిరగడం. పదోరోజుకే విసుగు పుట్టిన ఆకారం పదేళ్ళు భరించదగినది కాదని తేలిపోతుంది. ఖర్చు ఒక పెన్సిలు.

కనుబొమల ఫ్యాషన్ ఎంత చంచలమైనదో చరిత్ర చూస్తే తెలుస్తుంది. పూర్వం జపాను రాజాస్థానపు స్త్రీలు సహజమైన కనుబొమలు పీకివేసి, నుదుటి పైభాగాన పొగమరకల వంటి రెండు చుక్కలు దిద్దుకునేవారు. కులీనులలో ఆ ఆచారాన్ని ప్రభుత్వం 1870లో నిషేధించింది. 1930లలో హాలీవుడ్ తారలు దారపు పోగంత సన్నని గీతలు పెట్టుకున్నారు, 1980లలో గుబురు కనుబొమలు గౌరవం పొందాయి, 1990లలో మళ్ళీ సన్ననివి, 2010ల తరువాత మళ్ళీ దట్టమైనవి. ఆ జపాను దొరసానులదీ, హాలీవుడ్ తారలదీ అదృష్టం. వారు దిద్దుకున్నది రంగు, కడిగితే పోయింది. 1990లలో సన్నని విల్లు పొడిపించుకున్నవారికి ఆ విల్లు నీలిగీతగా ఇంకా నుదుటిమీదనే ఉన్నది. వయసుతో చర్మం జారుతుంది, గీతా దానితో జారుతుంది. తన సొంత వెంట్రుకల వరుసను దాటి పైకి పోని ఆకారం, తన వెంట్రుకలకన్న ఒక పాలు లేతగా ఉండే రంగు కోరుకునేవారు అందరికన్న తక్కువగా పశ్చాత్తాపపడతారు.

పెళ్ళికూతుళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొడిచిన మొదటి మూడు నాలుగు రోజులు కనుబొమలు ముదురుగా, ఉబ్బెత్తుగా, భయపెట్టేటట్లు కనిపిస్తాయి. తరువాత పొట్టు రాలుతుంది. రెండవ వారంలో రంగంతా పోయినట్టే ఉంటుంది. మళ్ళీ నెలరోజులకు నెమ్మదిగా తేలుతుంది. సరిదిద్దే రెండవ విడత ఆ తరువాతిది. అంటే ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. ఆ మొదటి రెండు వారాలు నలుగు, పసుపు, కొబ్బరినూనె, ఆవిరి, ఈత, మిట్టమధ్యాహ్నపు ఎండ అన్నీ వర్జ్యం. పొట్టును గోటితో గిల్లితే రంగు దానితో ఊడివస్తుంది. చీము, జ్వరం, పెరుగుతున్న వాపు ఉంటే పార్లరుకు ఫోను చేయడం కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

నచ్చకపోతే తీయించుకోవచ్చు గదా అని చాలామంది ధైర్యం. తీయడం వేయడమంత తేలిక కాదు. లేజరుతో అనేక విడతలు పడుతుంది, ఖర్చు మొదటిదానిని మించిపోవచ్చు, ఉన్న వెంట్రుకలు తాత్కాలికంగా నెరిసినట్టు కావచ్చు. వీటన్నిటికన్న వింత ఏమిటంటే, గోధుమ రంగులలో కలిపే ఇనుము ఆక్సైడు, టైటానియం డయాక్సైడు లేజరు తగలగానే రసాయన మార్పు చెంది నల్లబడతాయి. లేత గోధుమ కనుబొమ తీయించుకోబోయిన మనిషి క్షణంలో బొగ్గు కనుబొమతో లేస్తుంది. అందుకే తెలిసిన వైద్యులు ముందు ఒక మూల చిన్న చుక్కపై పరీక్షిస్తారు. రంగు తీస్తామని అమ్మే ఆమ్లపు లేపనాలు చర్మాన్ని కాల్చివేసి మచ్చలు మిగుల్చుతాయి. కంటి పక్కన వాటిని తాకించనే కూడదు.

ఎం.ఆర్.ఐ. స్కానింగు గురించిన భయం మాత్రం ఉన్నదానికన్న ఎక్కువ ప్రచారం పొందింది. ఇనుము కలిసిన రంగు అయస్కాంత క్షేత్రంలో వేడెక్కి మంట పుట్టించిన సందర్భాలు లేకపోలేదు గాని అవి అరుదు. 2019లో లండన్ పరిశోధకులు పచ్చబొట్లు ఉన్న 330 మందిని పరిశీలించి ప్రకటించిన వివరాలలో స్వల్పమైన ఇబ్బంది కలిగింది ఒక్కరికే. ఈ కారణంగా అవసరమైన స్కానింగు మానుకోవడం తెలివితక్కువ. వాడిన రంగు పేరు, బ్యాచి నంబరు, తేదీ రాయించుకున్న చీటీ ఒకటి దాచుకుంటే, అప్పుడూ, ఎలర్జీ వచ్చి చర్మవైద్యుని దగ్గరకు పోయినప్పుడూ, లేజరు వైద్యుని ముందు కూర్చున్నప్పుడూ పనికివస్తుంది. స్కానింగు గదిలోకి పంపేముందు అక్కడివారు ముఖంమీది కాటుక, రంగు తుడుచుకు రమ్మంటారు. ఇది తుడిస్తే పోయేది కాదు గనుక నోటితో చెప్పాలి.